నవ్వెందుకు రావట్లేదో మమ్మల్ని అడగండి

‘జబర్దస్త్ ఇప్పుడెవరు చూస్తున్నారండీ!’ అనే మాట ఈ మధ్య ఎక్కడికెళ్ళినా వినిపిస్తోంది. పెళ్ళి భోజనాల దగ్గర విన్నాను, మా మెట్ల మీద విన్నాను, గోపాలపట్నం రైతుబజార్లో వంకాయలు ఏరుకుంటూ కూడా విన్నాను. ఆ వెంటనే ఎవరో ఒకరు కారణాలు చెప్పేస్తారు. ఎక్కువగా మగవాళ్ళే చెప్తారు. ఒకటి, ఫోన్లొచ్చాయి, టీవీ ముందు కూర్చునే ఓపిక ఎవరికీ లేదు. రెండు, పేరున్న కమెడియన్లంతా వెళ్ళిపోయారు. మూడు, జనానికి మనోభావాలు ఎక్కువైపోయాయి, దేనికీ నవ్వరు.

ఈ మూడూ నేను ఒప్పుకోను. నాకు తెలిసిన ఇళ్ళలో ఆ షోని ముందుగా వదిలేసింది ఆడవాళ్ళు. మగవాళ్ళూ పిల్లలూ ఆ తర్వాత ఎప్పుడో వదిలారు. మేమెందుకు వదిలామో ఒక్కరూ అడగలేదు. అడగలేదు కాబట్టే చెప్తున్నాను.

ముందు ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చేస్తాను. ఈటీవీలో జబర్దస్త్ మొదలైంది 2013 ఫిబ్రవరిలో. గురువారం రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చేది. మరుసటి ఏడాదికి ‘ఎక్స్‌ట్రా జబర్దస్త్’ అని శుక్రవారం కూడా కలిపారు. నాగబాబు, రోజా జడ్జీలు. మొదట అనసూయ, తర్వాత మన విశాఖ అమ్మాయి రష్మి యాంకర్లు. ధన్‌రాజ్, వేణు, చమ్మక్ చంద్ర, చలాకీ చంటి, రాకెట్ రాఘవ టీములు. ఆ తర్వాత సుడిగాలి సుధీర్, గెటప్ శ్రీను, ఆటో రాంప్రసాద్, హైపర్ ఆది. ఏ ఊరి నుంచో వచ్చి, సినిమా ఆఫీసుల చుట్టూ తిరిగి, ఎవరూ వేషమివ్వని పిల్లలకి ఆ స్టేజీ అన్నం పెట్టింది. అందం లేదు, ఒడ్డూ పొడుగూ లేదు అని తోసేసిన వాళ్ళని రాష్ట్రమంతా గుర్తుపట్టేలా చేసింది. అది చిన్న పనేం కాదు.

మా వీధిలో ఆ రెండు రోజులూ తొమ్మిదిన్నరకి ఇంటింటా అదే పాట మోగేది. సీరియళ్ళ టైములో టీవీ దగ్గరికి రాని మగవాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారు. స్టీల్‌ప్లాంట్‌లో సి షిఫ్టున్న వాళ్ళు మాత్రం ‘రేపు యూట్యూబ్‌లో చూస్తాంలే’ అని బస్సెక్కేవారు. అత్తగారు, కోడలు, పదో తరగతి కుర్రాడు, అందరూ ఒకే సోఫాలో ఒకే దానికి నవ్విన గంట అది. మన ఇళ్ళలో అలాంటి గంటలు వారానికి ఎన్నుంటాయి చెప్పండి? భోజనాలు కూడా తలో వేళకే కదా. అందుకే ఈ షో ఆదరణ తగ్గిపోవడం నాకు చిన్న విషయంగా అనిపించదు. పోయింది ఒక టీవీ ప్రోగ్రామే కాదు, ఇంటిల్లిపాదీ కలిసి నవ్వే అలవాటు.

ఇప్పుడు వాళ్ళ కారణాలకొద్దాం.

ఫోన్లొచ్చి చూడటం మానేశారా? ‘అమృతం’ సీరియల్ జెమినీలో 2001 నుంచి 2007 దాకా వచ్చింది. అయిపోయి ఎన్నేళ్ళైంది! ఇప్పటికీ మా ఇంట్లో అన్నం తింటూ అదే ఫోన్లో పెట్టుకుని చూస్తాం. అమృతరావు పేరు చెప్తే ఇరవై ఏళ్ళు నిండని మావాడు కూడా నవ్వుతాడు. ఫోను కామెడీని మింగేస్తే అమృతాన్ని కూడా మింగెయ్యాలి కదా? జబర్దస్త్ స్కిట్లు కూడా వారం వారం యూట్యూబ్‌లోనే ఉన్నాయి. కాబట్టి తప్పు ఫోనుది కాదు.

పోనీ, పెద్దవాళ్ళు వెళ్ళిపోయారనా? నిజమే, వెళ్ళారు. 2019లో నాగబాబు వేరే చానల్‌కి వెళ్ళారు. 2022లో రోజా మంత్రి అయ్యి మానేశారు. అదే ఏడు అనసూయ కూడా సెలవు తీసుకుంది. సుధీర్, ఆది లాంటి వాళ్ళు సినిమాలనీ, వేరే షోలనీ తగ్గించేశారు. కానీ నాకు బాగా గుర్తుంది, వాళ్ళంతా ఉన్నప్పుడే నవ్వు పల్చబడటం మొదలైంది. మొదట్లో స్కిట్టంటే ఓ కథ ఉండేది. ఒక ఇల్లో, బస్టాండో, పోలీస్ స్టేషనో ఉండేది. మనుషులు రావడం, ఇరుక్కోవడం, బయటపడటం ఉండేది. తర్వాత కథ పోయి పంచ్ మిగిలింది. ఒకడు నిలబడితే ఇంకొకడు వాడి మీద మాటలు విసురుతూ ఉంటాడు. ఆ పంచ్ కూడా అయిపోయాక వాళ్ళ సొంత గొడవలే స్కిట్టైపోయాయి. ఎవరు ఎవర్ని ప్రేమిస్తున్నారు, ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, ఎవరు అలిగి స్టేజీ దిగిపోయారు అని. ప్రోమోలో ఏడుపులు వేస్తారు, అసలు షోలో చూస్తే ‘ఊరికే ఆట పట్టించాం’ అంటారు. ఒకసారి నమ్ముతాం, రెండుసార్లు నమ్ముతాం. నాన్నా పులి కథ మూడో క్లాసు పిల్లలక్కూడా తెలుసు.

2024లో ‘ఎక్స్‌ట్రా’ అన్న పేరు తీసేసి రెండిటినీ ఒకటే జబర్దస్త్ చేశారు. పేరూ వారమూ మారిస్తే మనుషులు తిరిగొస్తారా? పాడైన పప్పుకి మళ్ళీ పోపు పెట్టినట్టు ఉంటుంది.

అసలు కారణం చెప్తాను. పదేళ్ళపాటు ఆ షో మా ఇంటి మీదే బతికింది. మొగుడూ పెళ్ళాం, అత్తా కోడలు, వదినా మరదలు, పక్కింటావిడ, పనమ్మాయి. వారం వారం ఇవే కదా స్కిట్లు! అంతలా వాడుకున్న ఇంటిని ఒక్కసారైనా లోపలికొచ్చి చూశారా అంటే, చూడలేదు. గుమ్మంలో నిలబడి రాసేశారు.

వాళ్ళ స్కిట్లో పెళ్ళాం ఏం చేస్తుంది? మొగుణ్ణి కొడుతుంది, చీర కొనమంటుంది, వంట తగలేస్తుంది, మేకప్ వేసుకుంటుంది, లేకపోతే ఇంకొకడితో కులుకుతుంది. ఈ ఐదే. మొగుడు ఏం చేస్తాడు? ‘పెళ్ళెందుకు చేసుకున్నాన్రా బాబూ’ అని తల కొట్టుకుంటాడు, పక్కింటావిణ్ణి చూస్తాడు. పదేళ్ళు ఇదే చూశాక ఎక్కడ నవ్వొస్తుంది? మా ఇంట్లో ఇంతకంటే పెద్ద కామెడీ రోజూ నడుస్తుంది.

సింహాచలం గిరి ప్రదక్షిణ వచ్చిందనుకోండి. మా గోపాలపట్నంలో చుట్టాలు దిగని ఇల్లుండదు. ముప్పై రెండు కిలోమీటర్లు నడిచొచ్చిన కాళ్ళకి వేడినీళ్ళు, కొబ్బరినూనె, అర్ధరాత్రి పులిహోర, తెల్లారి ఇడ్లీలు. కొండ చుట్టూ నడిచొచ్చిన మహానుభావుడు హాల్లోంచి వంటింట్లోకి నాలుగడుగులు వేసి మంచినీళ్ళు తాగలేడు. ‘ఏమేవ్!’ అంటాడు. మేమంతా వంటింట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటాం. ఇది స్కిట్టు కాదా? వాషింగ్ మెషిన్ కొన్న రోజు నుంచీ ‘ఇంక నీకేం పని’ అనే మొగుడు స్కిట్టు కాదా? చీటీ పాట పాడే రోజు పదిమంది ఆడవాళ్ళూ ఒకరి మొహాలొకరు చూసుకుంటూ ‘నాకిప్పుడు అక్కర్లేదమ్మా, మీరు పాడుకోండి’ అనడం స్కిట్టు కాదా? వీటిలో మమ్మల్ని చూసి నవ్వడం కూడా ఉంది. నవ్వండి, మాకేం బాధ లేదు. మమ్మల్ని చూసి నవ్వండి, చూడకుండా నవ్వకండి అంటున్నాను.

అత్తగారి మీద జోకులు వద్దనడం లేదు నేను. భానుమతి గారు ‘అత్తగారి కథలు’ రాశారు. అందులో అత్తగారికి చాదస్తం ఉంది, పంతం ఉంది, తెలివీ ఉంది. చదువుతూ పొట్ట పట్టుకుని నవ్వుతాం, చదివాక ఆవిడింటికి వెళ్ళి కాఫీ తాగాలనిపిస్తుంది. మొదట్లో చమ్మక్ చంద్ర వేసే మొగుడూ పెళ్ళాల స్కిట్లలో కూడా కాస్త ఇంటి వాసన ఉండేది, మా తోడికోడలు గిన్నెలు తోముతున్నదల్లా చేతులు తుడుచుకుని వచ్చి కూర్చునేది. ఆ వాసన పోయిన తర్వాత ఆవిడ గిన్నెలు పూర్తిచేసుకుని పడుకోవడం మొదలెట్టింది.

ఇక మగవాళ్ళ ఆడవేషాల సంగతి. చాలామంది ‘అదే అసభ్యం’ అంటారు. నేనలా అనను. బి.ఏ.లో తెలుగు చదువుకున్నదాన్ని, మన నాటకం ఆడవేషం మీద నడిచిందని నాకు తెలుసు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా స్టేజీ మీదకి వస్తే ఆడవాళ్ళు ఆయన దగ్గర చీరకట్టు నేర్చుకునేవారని మా మాస్టారు చెప్పేవారు. ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు భామాకలాపం ఆడితే మగవాడని ఎవరికీ గుర్తుండేది కాదట. అంతెందుకు, మన విజయనగరం గురజాడ వారి ‘కన్యాశుల్కం’ తీసుకోండి. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లుకి అమ్మేస్తాడు. ఎందుకు? ఇంట్లో ఉన్న చిన్న పిల్ల సుబ్బిని ఆ ముసలాడికి కట్టబెట్టకుండా ఆపడానికి. చీర కట్టుకున్న కుర్రాణ్ణి చూసి మనం నవ్వం. డబ్బిచ్చి ఆడపిల్లని కొనుక్కున్న ముసలాణ్ణి చూసి నవ్వుతాం. ఆ వేషం ఒక ఆడపిల్లని కాపాడటానికి వేసింది.

జబర్దస్త్‌లో వేషం ఎందుకు వేశారు? చీర కట్టుకున్న మగవాణ్ణి తన్నడానికి. నిజం ఆడమనిషిని స్టేజీ మీద చెంప పగలగొడితే, నడుం మీద తంతే, ‘నీ మొహం అద్దంలో చూసుకున్నావా’ అంటే జనం ఊరుకోరు. చీరలో మగవాడుంటే ఏమన్నా చెల్లిపోతుంది. తన్నులు అతనికి, మాటలు మాకు. ఆ వేషాలు వేసిన కుర్రాళ్ళని నేను ఒక్క మాట కూడా అనను. పొట్టకూటి కోసం వేశారు, బయట వీధుల్లో వాళ్ళు పడ్డ అవమానాలు కూడా తక్కువేం కాదు. వాళ్ళ ఆడతనమూ నవ్వులపాలే, మాదీ నవ్వులపాలే. మొదట్లో టీముల నాయకులందరూ మగవాళ్ళే, ఆడవేషాలూ వాళ్ళవే, మా గురించి రాసేదీ వాళ్ళే. రోహిణి, సత్యశ్రీ, ఫైమా, వర్ష లాంటి అమ్మాయిలు తర్వాత వచ్చారు. రోహిణి టైమింగ్ చూడండి, ఏ మగవాడికీ తీసిపోదు. అలాంటి అమ్మాయికి కూడా లావు గురించి జోకులే ఎక్కువ రాస్తే ఆ తప్పు అమ్మాయిది కాదు, రాసినవాడిది.

లావు, నలుపు, పొట్టి, పన్నెత్తు. ఇవి జోకులని ఎవరు చెప్పారండీ? మా అమ్మాయి చామనఛాయ. తొమ్మిదో తరగతిలో క్లాసు మగపిల్లలు దానికో పేరు పెట్టారు, టీవీ కామెడీల్లోంచి ఎత్తుకొచ్చిన పేరే. ఏ ప్రోగ్రామన్నది ముఖ్యం కాదు, అన్నిటా అదే సరుకు. నెల్లాళ్ళు మొహానికి ఇంత పౌడరు పూసుకుని స్కూలుకెళ్ళింది. అడిగితే చెప్పదు. చెప్పాక నేనేదో అనబోతే, ‘జోకే కదమ్మా, నువ్వు సీరియస్ అవకు’ అని నాకే సర్దిచెప్పింది. ఏడవాల్సిన పిల్ల నన్ను ఓదార్చింది! పదమూడేళ్ళ పిల్లకి ఆ మాట ఎవరు నేర్పారు? నవ్వకపోతే తప్పు తనదే అనుకునేలా ఎవరు చేశారు?

దీనికి ఇంకో సమాధానం సిద్ధంగా ఉంటుంది. ‘నచ్చకపోతే చానల్ మార్చుకో.’ అయ్యా, అదే చేశాం కదా! మార్చాం కాబట్టే ఇప్పుడు మీరు ‘ఎవరూ చూడట్లేదే’ అని బాధపడుతున్నారు. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదింటిదాకా ఇళ్ళలో రిమోటు ఎవరి చేతిలో ఉంటుందో చానళ్ళవాళ్ళకి మనకంటే బాగా తెలుసు. అందుకే సబ్బులూ పసుపూ సాంబారు పొడీ ప్రకటనలు ఆ వేళకే పెడతారు. వస్తువు అమ్మడానికి మేం కావాలి, జోకు వెయ్యడానికీ మేం కావాలి. మా అభిప్రాయం మాత్రం అక్కర్లేదు.

‘ఆడవాళ్ళూ నవ్వారు కదా, జడ్జీ సీట్లో ఆడావిడే కూర్చుని నవ్వింది కదా’ అంటారు. నలుగురిలో కూర్చున్నప్పుడు ఆడది ఎన్నిటికి నవ్వుతుందో మగవాళ్ళకి లెక్క తెలీదు. బావగారు భోజనాల దగ్గర పెళ్ళాల మీద పాత జోకు వేస్తారు, మనం పప్పు వడ్డిస్తూ నవ్వుతాం. ఆ నవ్వు మర్యాద నవ్వు. ఇంట్లో గొడవ ఎందుకని నవ్వే నవ్వు. దాన్ని మెచ్చుకోలనుకుని పదేళ్ళు అదే వండిపెట్టారు.

మరోవైపు సంస్కృతి పెద్దలున్నారు. వీళ్ళు డబుల్ మీనింగుల్ని తిట్టి, సెన్సారు పెట్టాలి, షో ఆపెయ్యాలి అంటారు. వాళ్ళతో కూడా నాకు పడదు. బూతు మాకు కొత్తా? మన పెళ్ళిళ్ళలో ముత్తైదువలు వియ్యపురాలి మీద కట్టి పాడే పాటలు విన్నారా ఎప్పుడైనా? మా అమ్మమ్మ పాడితే మగవాళ్ళు పందిట్లోంచి లేచి పారిపోయేవారు! కానీ అక్కడ పద్ధతి ఒకటుంది. ఇటువాళ్ళు ఒక పాట అంటే, అటువాళ్ళు దాని తాతలాంటి పాట తిరిగి అంటారు. మాట పడ్డ మనిషికి మాట అనే హక్కు ఉంటుంది. తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూర్చుని బూరెలు తింటారు. టీవీ జోకులో లేనిది ఆ తిరిగి అనే హక్కే. మాకు కత్తెర అక్కర్లేదు, మా వంతు పాట మాకు కావాలి.

‘ఏం చేస్తారండీ, ఆ కమెడియన్లకి అంతే వచ్చు’ అనేవాళ్ళకి ఒక్క పేరు చెప్తాను. వేణు. జబర్దస్త్ మొదలైనప్పుడు టీము నడిపిన వేణే 2023లో ‘బలగం’ తీశాడు. తెలంగాణ పల్లెటూళ్ళలో తెరలు కట్టుకుని, ఊరంతా కలిసి కూర్చుని ఆ సినిమా చూశారు. ఒక ముసలాయన చావు, కాకి ముట్టని పిండం, బావాబామ్మర్దుల మధ్య పాత కక్ష, పుట్టింటికి దూరమైన ఆడపడుచు. అందులో నవ్వు లేదా? బోలెడుంది. చావింట్లో కూడా నవ్వించాడు. అక్కడ మాత్రం ఇంటి లోపలికొచ్చి కూర్చుని చూసి రాశాడు. ఆడపడుచు ఏడిస్తే మేమూ ఏడ్చాం, బావాబామ్మర్దుల పంతాలకి మేమూ నవ్వాం. మనిషి అతనే, చేతిలో కలమూ అదే. వారం వారం పంచ్‌లు వండాల్సిన పని లేకపోయేసరికి ఏం రాయగలడో చూపించాడు. మిగతావాళ్ళ దగ్గర కూడా ఇలాంటివి ఉండే ఉంటాయని నా నమ్మకం. వాళ్ళని అడిగినవాళ్ళే లేరు.

మా ఇంట్లో ఇప్పుడు తొమ్మిదిన్నరకి ఏం జరుగుతుందో చెప్తాను. మావారు సోఫాలో ఫోను, మావాడు మంచం మీద ఫోను, అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఎవరి నవ్వు వాళ్ళది. హాల్లో ఎవరో ఒక్కరు ‘హహ’ అంటారు, మిగతావాళ్ళు తలెత్తరు. ఒకప్పుడైతే ‘ఏంటది, చెప్పు చెప్పు’ అనేవాళ్ళం. ఆ పాత గంట పోయినందుకు ఆ షో చేసినవాళ్ళ కంటే నాకే ఎక్కువ బాధ. వాళ్ళకి వేరే షో దొరుకుతుంది. మాకు ఆ గంట మళ్ళీ దొరకదు.

అందుకని టీవీల్లో కామెడీ చేసేవాళ్ళకి చెప్తున్నా. కొత్త యాంకర్లు, కొత్త సెట్లు, కొత్త వారాలు వద్దు. స్కిట్లు రాసే గదిలోకి నలుగురు ఆడవాళ్ళని పిలవండి. ఇంటర్వ్యూలివ్వడానికి కాదు, రాయడానికి. మా వాళ్ళలో ఎంత వేళాకోళం ఉందో ఒక్క మధ్యాహ్నం మా మెట్ల మీద కూర్చుంటే తెలుస్తుంది. మామిడికాయ ముక్కలు కోస్తూ మా పక్కింటి పిన్నిగారు ఊళ్ళో మొగుళ్ళందరి నడకలూ అనుకరిస్తుంటే కత్తిపీట వదిలేసి నవ్వుతాం. ఆవిడ కరెంటు బిల్లు మీద మాట్లాడితే పది స్కిట్లు. మీరు వేసే మొగుడూ పెళ్ళాల జోకులు ఆవిడ ముందు ఎందుకూ పనికిరావు.

చదువుతున్న మీ ఇళ్ళలోనూ ఇలాంటి పిన్నిగార్లు ఉంటారని నాకు తెలుసు. ఈసారి ఎవరైనా ‘ఆడవాళ్ళకి జోకులు అర్థం కావు’ అంటే, వాళ్ళని ఆవిడ దగ్గరికి పంపించండి. మిగతాది ఆవిడే చూసుకుంటారు.